మాట వినడం, మనసు పొంగడం: సీమ సంఘాల్లో విశ్వాసానికి కొలత ఏది?

డిసెంబరు 31 రాత్రి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో చాలా క్రైస్తవ సంఘాల్లో ఒకే రకం సందడి. పదకొండింటికి పాటలు ఊపందుకుంటాయి. పన్నెండు కొట్టే వేళకు అందరూ మోకాళ్ళ మీద ఉంటారు. తర్వాత కేకు, చివర్లో వాగ్దాన కార్డులు. పళ్ళెంలో బోర్లా పరిచిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. అందులో ఏ వచనం వస్తే అదే ఆ ఏటికి దేవుడు తనకిచ్చిన మాట. కొందరు దాన్ని బీరువా తలుపుకు అంటించుకుంటారు, కొందరు ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టుకుంటారు.

ఆ కార్డులన్నీ ఒకచోట పోసి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. దాదాపు అన్నీ ఆశీర్వాదాలే: హెచ్చిస్తాను, విడువను, తలగా నియమిస్తాను. "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు" అనే లేవీయకాండం మాట ఉన్న కార్డు వెతికినా దొరకడం కష్టం. "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయపు వాక్యం మాత్రం ఏటేటా ఎవరో ఒకరి చేతికి వస్తుంది. బైబిల్లో ఆ వాక్యం అంతటితో ఆగదు. దేవుని ఆజ్ఞలు విని వాటి ప్రకారం నడుచుకుంటేనే అన్న షరతు ఆ వాక్యంలోనే ఉంది. కార్డు చిన్నది, వాక్యం పెద్దది. కత్తిరించాల్సి వచ్చినప్పుడు ప్రతిసారీ షరతే తెగిపోతోంది.

ఇంకా ఎక్కువగా వినబడేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". ఇది చెరపట్టి బబులోనుకు తీసుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట. దానికి ముందున్న వచనంలోనే డెబ్బై ఏళ్ళ లెక్క ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది ఆ మేలు కళ్ళారా చూడరు. ఈలోపు వాళ్ళు చేయాల్సిన పనులు కూడా అందులోనే ఉన్నాయి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరగా తెచ్చిన పట్టణపు క్షేమం కోరి ప్రార్థన చేయండి. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు పొలాలకు వలసపోయే కుటుంబానికి గానీ, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన తల్లికి గానీ ఆ ఉత్తరాన్ని పూర్తిగా చదివి వినిపిస్తే ఎంత ధైర్యం! పరాయి ఊళ్ళో ఎట్లా బతకాలో చెప్పే ఉత్తరం అది. దాన్నుంచి ఒక్క వాక్యం కోసి కార్డు మీద అచ్చువేస్తే మిగిలేది ఆ రాత్రికి మనసు చల్లబడటం మాత్రమే.

ఈ చిన్న కార్డు వెనక పెద్ద ప్రశ్న ఒకటుంది. విశ్వాసానికి కొలత ఏది? కూడికలో మనసుకు ఏం అనిపించిందన్నదా, కూడిక అయ్యాక మనిషి ఏం చేశాడన్నదా? ఆదివారం ఆరాధన నుంచి బయటికొస్తూ "ఈరోజు ప్రభువు తాకాడు", "అభిషేకం బాగా దిగింది" అనుకోవడం, ఇంకో ఆదివారం "ఏమీ అనిపించలేదు, ఎండిపోయినట్టుంది" అని దిగులుపడటం ఇక్కడ మామూలు మాటలయ్యాయి. ఆ మాటల్లో కపటం లేదు. కొలతే మారిపోయింది.

ఈ విషయంలో తెలుగు భాష తెలిసినవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. "వాడు మాట వినడు" అంటే చెవిటివాడని అర్థం కాదు. విన్నాడు, చేయలేదు, కాబట్టి విననట్టే. పాత నిబంధన హెబ్రీ భాషలోనూ అచ్చం ఇంతే. వినడానికీ లోబడటానికీ వాడే క్రియ ఒకటే, "షమా". "ఇశ్రాయేలూ వినుము" అనే ఆజ్ఞ ఆ క్రియతోనే మొదలవుతుంది. కొత్త నిబంధన గ్రీకులోనూ విధేయత అనే మాట వినడం అనే మాటలోంచే పుట్టింది. అందుకే ప్రవక్త సమూయేలు రాజైన సౌలును గద్దించిన చోట తెలుగు బైబిలు చదువుతుంటే అది అనువాదంలా అనిపించదు: "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము." సౌలు ఆరాధన మానుకున్నవాడు కాదు. శత్రువుల పశువులను మిగల్చవద్దన్న ఆజ్ఞ ఉన్నా, దేవునికి బలి అర్పించడానికే మంచివాటిని మిగిల్చామని చెప్పుకున్నాడు. ఆరాధన పేరుతోనే మాట తప్పాడు. అతని కథ అంతగా కలవరపెట్టేది అందుకే.

అయితే భావోద్వేగం ఈమధ్యనే ఎక్కడినుంచో వచ్చిపడిన రోగం అన్నట్టు మాట్లాడటం తప్పు. చరిత్ర అట్లా చెప్పదు. బైబిలును మొదటిసారి తెలుగులోకి తెచ్చే పని 18వ శతాబ్దంలో మద్రాసులో చేసిన బెంజమిన్ షుల్జ్, జర్మనీలోని హాలే నుంచి వచ్చాడు. హాలే అప్పటికి పైటిస్టు ఉద్యమానికి కేంద్రం. ఎండిపోయిన సిద్ధాంతం చాలదు, హృదయం కరగాలి, మనిషి కొత్తగా పుట్టాలి అని పట్టుబట్టిన ఉద్యమం అది. 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ కూడా ఇంగ్లండులో వచ్చిన ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్ళీ రగిలిన ఉద్యమం, దాని ఫలమే. ఆ సొసైటీవాళ్ళు 1810లో బళ్ళారికీ, 1822లో కడపకూ వచ్చారు. అంటే రాయలసీమకు సువార్త తెచ్చినవాళ్ళు కన్నీళ్ళు ఎరగనివాళ్ళు కారు. వాళ్ళు వచ్చి నిలిచిన నేల కూడా భావం ఎరగని నేల కాదు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 15వ శతాబ్దంలో అన్నమయ్య పుట్టిన సీమ ఇది. దేవుణ్ణి తల్లిగా, తండ్రిగా, ప్రియుడిగా పిలిచి పాడుకునే అలవాటు ఈ గాలిలోనే ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు కర్ణాటక రాగాల్లో, తాళాల్లో సాగాయంటే, దేవుడి ముందు మనసు విప్పే పద్ధతి ఇక్కడివాళ్ళకు ముందే తెలుసు కాబట్టి.

తేడా ఎక్కడుందంటే, హృదయం కరగాలన్నవాళ్ళు హృదయం కరగడంతో ఆపలేదు. షుల్జ్ 1746లో హాలేలో తెలుగులో అచ్చు వేయించిన పుస్తకాల్లో చిన్న ప్రశ్నోత్తరి ఒకటి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఇది చేరుతుంది. మనసు గురించి అంతగా మాట్లాడిన మనుషులు అచ్చుయంత్రం ముందు నిలబడ్డప్పుడు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన నేర్పే పుస్తకాన్ని ఎంచుకున్నారు. తర్వాత సీమలో జరిగిందీ అదే వరుస. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి లేచింది, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ బడి లేచింది, నంద్యాల వైపు ఆంగ్లికన్ల బడులు లేచాయి. వాటి చుట్టూ సండే స్కూలు, కంఠత వాక్యం, బాప్తిస్మానికి ముందు నెలల తరబడి బోధ సాగాయి. ముసలివాళ్ళు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పే వచనాలు ఆ కాలంలో నేర్చుకున్నవే.

1876-78 నాటి మహా కరువును ఇక్కడ తలుచుకోవాలి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను అది ఊళ్ళకు ఊళ్ళుగా ఊడ్చేసింది. అప్పుడు పక్కనే ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని కల్పించాడు. పని చేసేవాళ్ళలో వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు పని సాగుతున్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది తేలాలని ఆగాడు. పని ముగిశాక కూడా జనం అడగడం మానలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు సంఘ చరిత్రలో ఈ అంకెను ఎందరో గర్వంగా చెబుతారు. దాని వెనకున్న నిరీక్షణను మాత్రం చెప్పరు. అంతమంది చేతులు చాచి నిలబడి ఉన్నప్పుడు "ఇప్పుడు కాదు" అనడానికి ఎంత నిబ్బరం కావాలి! ఈనాటి సభల్లో చేతులెత్తినవాళ్ళ లెక్క ఆ రాత్రికే ప్రకటించే అలవాటు పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఏది మారిందో విడమరచి చెప్పక్కర్లేదు.

భావం కేంద్రంగా సాగే కూడిక ఎట్లా పనిచేస్తుందో కూడా చూడాలి. పాట నెమ్మదిగా మొదలవుతుంది. ఒకే చరణం మళ్ళీ మళ్ళీ వస్తుంది. కీబోర్డు స్వరం పైకి లేస్తుంది, ప్యాడ్స్ వేగం అందుకుంటాయి, మైకులో ఎకో పెరుగుతుంది. పక్కనున్న మనిషి ఏడుస్తుంటే మన కళ్ళూ తడుస్తాయి. వందలమంది ఒకే లయలో ఊగినప్పుడు ఒంటరి మనిషికి అందని శక్తి ఏదో అందినట్టు ఉంటుంది. ఇది అబద్ధం కాదు, నటన అంతకన్నా కాదు. మనిషి శరీరం అట్లా చేయబడింది. ఊరి జాతరలో డప్పు మోగినా, స్టేడియంలో చివరి బంతి పడినా ఒళ్ళు ఇట్లాగే పులకరిస్తుంది. పులకరింత వచ్చింది కాబట్టి దేవుడు వచ్చాడనీ, రాలేదు కాబట్టి రాలేదనీ తేల్చేటప్పుడే చిక్కు వస్తుంది. దేవుడు పాటలోనూ కదిలించగలడు. అయితే కదలిక ఒక్కటే ఆయన సంతకం కాదు.

యేసు దీన్ని ముందే చెప్పాడు. అనంతపురం రైతుకు వ్యాఖ్యానం అవసరం లేని విత్తువాని ఉపమానంలో చెప్పాడు: వాక్యం విత్తనం, వినేవాళ్ళు నేలలు. "రాతినేలనుండువారెవరనగా, వినునప్పుడు వాక్యమును సంతోషముగా అంగీకరించువారు గాని వారికి వేరు లేనందున కొంచెము కాలము నమ్మి శోధనకాలమున తొలగిపోవుదురు" అని లూకా సువార్త 8వ అధ్యాయంలో ఉంది. నాలుగు రకాల నేలల్లో సంతోషాన్ని పేరుపెట్టి చెప్పింది ఈ ఒక్క రాతినేల గురించే. మంచి నేల గురించి చెప్పినప్పుడు యోగ్యమైన మంచి మనస్సు, వాక్యాన్ని గట్టిగా పట్టుకోవడం, ఓపికతో ఫలించడం అన్న మాటలు వచ్చాయి.

సీమలో ఎర్ర గరుసు నేల ఎంత లోతుంటుందో నాగలి పట్టినవాళ్ళకు తెలుసు. కొన్నిచోట్ల జానెడు మట్టి కింద రాయే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో అనంతపురం జిల్లా వేరుశనగను, ఇక్కడివాళ్ళ మాటలో శెనక్కాయను, నమ్ముకొని బతికింది. తొలకరి పదునుకు విత్తితే మొలక బ్రహ్మాండంగా వస్తుంది. పలచని మట్టి తొందరగా వేడెక్కుతుంది కాబట్టి మొలక ఇంకా ముందే పైకొస్తుంది. చూసినవాళ్ళు ఈ ఏడు పంట పండినట్టే అంటారు. ఊడలు భూమిలోకి దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ బాధ పడ్డ రైతు కూడికలో పచ్చదనం చూసి విశ్వాసం పండిందని అనుకోడు. కాయ కోసం మట్టిలోకి చూస్తాడు.

ఇంతవరకు చెప్పింది విధేయత గురించి. కానీ విధేయతను ఒంటరిగా నిలబెడితే అది పక్కా చట్టమవుతుంది, మనిషిని నలిపేస్తుంది. బైబిల్లో ఆజ్ఞకు ముందు ఎప్పుడూ ఒక పరిచయం ఉంటుంది. పది ఆజ్ఞలు "నీవు చేయకూడదు" అన్న మాటతో మొదలు కావు. "దాసుల గృహమైన ఐగుప్తు దేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని" అన్న మాట ముందు వస్తుంది. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. ఎర్రసముద్రం దాటాకే సీనాయి కొండ. ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రికలో మొదటి మూడు అధ్యాయాలు మీరెవరో చెప్పడానికే సరిపోతాయి: ఏర్పరచబడినవాళ్ళు, దత్తత పొందినవాళ్ళు, దూరస్థులుగా ఉండి దగ్గరికి తేబడినవాళ్ళు. ఎట్లా బతకాలన్నది నాలుగో అధ్యాయంలో "మీరు పిలువబడిన పిలుపునకు తగినట్లుగా" నడుచుకోండి అన్న మాటతో మొదలవుతుంది. దత్తత తెచ్చుకున్న బిడ్డ ఇంటిపని చేస్తే కూలిదనం కాదు. అది ఇంటి బిడ్డ పని. ఆ బిడ్డ ఒకరోజు దిగులుగా లేచినా ఇంటిపేరు మారదు. గుర్తింపును మనసు స్థితికి కట్టకుండా దేవుని మాటకు కట్టడం అంటే ఇదే.

రాయలసీమలో ఈ గుర్తింపు మాట గాలిలో తేలే మాట కాదు. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాల, మాదిగ మనిషికి ఆ హోదా లేదు. రాష్ట్రంలో అతను వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గం కిందికి వస్తాడు, అక్కడ ఉన్నది 1 శాతం రిజర్వేషన్. అంటరానితనం మాత్రం బాప్తిస్మం చూసి ఆగలేదు. అందుకే ఎన్నో ఇళ్ళలో ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. పిల్లల చదువు, ఉద్యోగం, ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ, ఇవన్నీ ఆ కాగితంతో ముడిపడి ఉన్నప్పుడు పైనుంచి తీర్పు చెప్పడం సులభం. ఆ తల్లిదండ్రుల నిద్రలేని రాత్రులు తెలిసినవాళ్ళు అంత తొందరగా నోరు తెరవరు. ఈ వ్యాసం కూడా వాళ్ళను దోషులుగా నిలబెట్టదు. చూడాల్సింది ఇంకొకటి: గుర్తింపుకు ఇంత వెల కట్టాల్సిన చోట, ఏ వెలా అడగని భావానుభవం వైపు సంఘం జరగడం సహజం. రాత్రి సభకు వచ్చి కన్నీళ్ళు కార్చి వెళ్ళినవాణ్ణి తెల్లారి ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు. బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి పిలుస్తారు.

ఇంకో నిజం సంఘం లోపలే ఉంది, దీనికి చట్టాన్ని తప్పుపట్టే వీలు లేదు. కొన్ని ఊళ్ళలో మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. పెళ్ళి సంబంధం దగ్గర రెడ్డి క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఎవరి వరుస వారిదే. ఒకే బల్ల దగ్గర రొట్టె తింటారు, వియ్యం అందుకోరు. "ఒకప్పుడు ప్రజలుగా ఉండక యిప్పుడు దేవుని ప్రజలైతిరి" అన్న పేతురు మాట నిజంగా గుర్తింపుగా మారి ఉంటే మొదట కదలాల్సిన గోడ ఇదే. వంద ఉజ్జీవ సభలు ఈ గోడను కదిలించలేదు. ఆ సభల్లో ఏడ్చినవాళ్ళు మనస్ఫూర్తిగానే ఏడ్చారు. ఏడుపు తమ పాపాల కోసం, తమ బాధల కోసం. గోడ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి దాని కోసం ఏడవలేదు.

ఇక్కడ రెండో వైపు కూడా గట్టిగా చెప్పాలి. భావాన్ని తీసిపారేసే క్రైస్తవ్యం బైబిలు క్రైస్తవ్యం కాదు. కీర్తనల గ్రంథం నిండా ఏడుపు, కేక, చప్పట్లు, నాట్యం ఉన్నాయి. యేసు లాజరు సమాధి దగ్గర కన్నీళ్ళు విడిచాడు, యెరూషలేమును చూసి ఏడ్చాడు. ఆత్మ ఫలాల్లో ప్రేమ తర్వాత చెప్పిందే సంతోషం. పరిశుద్ధాత్మ అనుభవానికి పెద్దపీట వేసే పెంతెకొస్తు ధోరణి సంఘాలు పేటల్లోకి, కాలనీల్లోకి అంత వేగంగా ఎందుకు వెళ్ళాయో ఆలోచిస్తే గౌరవమే కలుగుతుంది. పాత మిషను గుళ్ళలో ఆరాధన పుస్తకం ప్రకారం సాగేది. చదువురాని కూలి మనిషికి అందులో నోరు తెరిచే చోటు తక్కువ. ఆరుబయట షెడ్డులో నడిచే కూడికలో ఆమె లేచి సాక్ష్యం చెబుతుంది. ఊళ్ళో పెద్దల ముందు తలెత్తని మనిషి మైకు పట్టుకొని "నా దేవుడు" అంటుంది. జీవితంలో మొదటిసారి ఆమె గట్టిగా ఏడ్చినా ఎవరూ గద్దించని చోటు అది. ఆ ఏడుపును ఎమోషన్ అని కొట్టిపారేసేవాళ్ళకు ఆమె అనుభవించిన మౌనం తెలియదు.

సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ ఈ రెంటినీ ఎంత చక్కగా కలుపుతుందో! చెట్టు దిగి సంతోషంతో యేసును ఇంటికి తీసుకుపోయాడు. భావం ఉంది, పొంగింది. ఆ పొంగులోనే ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తాననీ నిలబడి చెప్పాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట యేసు నోట వచ్చింది ఆ లెక్క విన్నాకే. యోహాను సువార్త 15వ అధ్యాయంలోనూ వరుస ఇదే. ముందు ఆజ్ఞలు గైకొని ఆయన ప్రేమలో నిలిచి ఉండటం, ఆ వెంటనే "మీ సంతోషము పరిపూర్ణము కావలెననియు" అన్న మాట. సంతోషాన్ని వెతుక్కుంటూ పోయినవాడికి అది జారిపోతుంది. మాట విన్నవాడి ఇంటికి అదే నడిచి వస్తుంది.

భావానికే పెద్దపీట వేసే విశ్వాసం ఎక్కువగా గాయపరిచేది ఎవరిని? బాధలో ఉన్నవాళ్ళను. వరసగా మూడేళ్ళు పంట పోయి, బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడక, అప్పు వడ్డీ మీద వడ్డీగా పెరిగిన ఇంట్లో మనిషి ఆదివారం వచ్చి చప్పట్లు కొట్టలేడు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి పాట గొంతులో ఆగిపోతుంది. మనసు జబ్బుతో ఉన్నవాళ్ళకు ఏ భావమూ ఉండదు, ఖాళీ ఉంటుంది. వాళ్ళ చుట్టూ అందరూ ఆనందంతో ఊగుతుంటే, దేవుడు తనను ఒక్కణ్ణే వదిలేశాడన్న నిర్ణయానికి వాళ్ళు రావడం ఎంత సులభం! "విశ్వాసం తక్కువై ఉంటుంది" అన్న మాట పైనుంచి పడితే ఇంకేం మిగులుతుంది? మందు వాడాల్సిన మనిషిని మందు మానిపించి ప్రార్థన నూనెతో సరిపెట్టడం విశ్వాసం కాదు, అపాయం.

ఆ మనిషి కోసమే బైబిల్లో 88వ కీర్తన ఉంది. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఒక వెలుగు కిరణం కనిపిస్తుంది. దీనికి లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది. ఏ ఆనందమూ లేకుండా, ఏ జవాబూ రాకుండా ఆ భక్తుడు ఒక్క పని మాత్రం మానలేదు: దేవుడితో మాట్లాడటం. అతని విశ్వాసం అక్కడ ఉంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలోనూ అంతే. యేసు మనసు ఆ రాత్రి పొంగలేదు, మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉంది. "నా యిష్టప్రకారము కాదు" అన్న మాట ఆ దుఃఖం తీరకముందే వచ్చింది. హెబ్రీ పత్రిక ఆయన శ్రమల వల్ల విధేయత నేర్చుకున్నాడని చెబుతుంది. ఏమీ అనిపించని ఆదివారం కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చునే మనిషిని ఏ సంఘమూ చల్లారినవాడిగా లెక్కకట్టకూడదు. ఆ సంఘంలో అందరికన్నా గట్టిగా మాట వింటున్నది అతనే కావచ్చు.

విధేయత అన్న మాటకూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచిపెట్టడం అన్యాయం. సీమ సమాజానికి లోబడటం అనే మాట కొత్త కాదు. పెద్దమనిషికి, పార్టీ నాయకుడికి, ఇంటి యజమానికి లోబడి లోబడి వంగిన వీపులే ఎక్కువ. సంఘంలోనూ కాపరి (పాస్టరు) మాటే దేవుడి మాటగా మారితే, పొలం అమ్మాలా వద్దా, పిల్లను ఎవరికివ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నవన్నీ ఒక మనిషి నోటినుంచి రావడం మొదలైతే, అది విధేయత పేరుతో దాస్యం. కొట్టే భర్త దగ్గరికి భార్యను "లోబడు" అని తిప్పి పంపినచోట వాక్యాన్ని ఆయుధంగా వాడినట్టే. అపొస్తలులు యూదుల మహాసభ ముందు నిలబడి "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్నది ఇట్లాంటి సమయాల కోసమే. క్రైస్తవ విధేయతకు గురుతు ఏమిటంటే, ఆజ్ఞ చెప్పేవాడి మీద కూడా అదే ఆజ్ఞ పనిచేస్తుంది.

మరి ఈ మూడు జిల్లాల్లో మాట వినడం ఏ రూపంలో కనిపించాలి? అది చాలావరకు కూడికకు బయటే ఉంటుంది. కట్నం తీసుకోవడం 1961 నుంచే నేరం. అయినా "పిల్లవాడి చదువుకు తగ్గట్టు ఇవ్వండి" అన్న మాట ప్రార్థనతో మొదలైన పెళ్ళిచూపుల్లోనే వినబడుతుంది. ముగింపు ప్రార్థన కూడా ఉంటుంది. పక్క పొలం గట్టు ఒక్క అడుగు జరిపినవాడు దాన్ని వెనక్కి జరపడం ఆరాధనే. పాత తగాదాల్లో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు, చంపినవాళ్ళ ఇంటి మనిషి బజారులో ఎదురైనప్పుడు చేయి కత్తికి పోకుండా ఆపుకోవడం, ఆ రాత్రి ఆ ఇంటి కోసం ఒక్క మాట ప్రార్థన చేయడం ఎంత బరువైన విధేయతో ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అక్కడ కీబోర్డు ఉండదు. పులకరింత అసలే ఉండదు. కడుపులో మంట ఉంటుంది. ఆ మంటతోనే చేస్తారు.

యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల కథలో తండ్రి అడిగింది చిన్న పని: నేడు పోయి ద్రాక్షతోటలో పనిచేయి. ఒకడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకొని పోయాడు. రెండోవాడు "అయ్యా, పోదును" అని మర్యాదగా చెప్పి పోలేదు. "అయ్యా" అన్న పిలుపు, మత్తయి 7వ అధ్యాయంలో జనం పిలిచే "ప్రభువా, ప్రభువా" అన్న పిలుపు, గ్రీకులో ఒకటే మాట. నోరు మంచిదే. తోట మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక కోసిగి, ఆదోని వైపు ఎన్నో ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లల్ని అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్‌లోనో దింపి, మూటలు సర్దుకొని మిరప కోతకు పోతారు. డిసెంబరు 31 రాత్రి తీసిన కార్డు ఆ మూటలో ఎక్కడో ఉంటుంది. గుంటూరు పొలాల పక్కన పట్టల గుడారాల్లో ఆదివారం కూడా పనిదినమే. ఘాటుకు చేతులు మండుతుంటాయి. సాయంత్రం మేస్త్రీ దగ్గర కూలి లెక్క చూసుకునే చోట ఎవరి కాయ ఎంత తూగిందో ఒక్కొక్కరూ చెబుతారు. పక్కన కోసినవాళ్ళకు చదువు రాదు, లెక్క తెలియదు. వాళ్ళ తూకం తక్కువ రాస్తుంటే చూసినవాళ్ళు ఒక మాట అనాలి. అంటే రేపు తమకు పని దొరక్కపోవచ్చు.